మాంట్రియల్‌కి మళ్ళీ మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టు వస్తే ఆ నగరం పోషించగలదా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. చదువు కోసం మాంట్రియల్ వచ్చారు. మెట్రోలో, కాలేజీలో ఎక్కడ చూసినా ఎక్స్‌పోస్ అనే బేస్‌బాల్ జట్టు టోపీలు కనిపిస్తున్నాయి. ఆ జట్టు 2004లోనే ఊరు వదిలి వెళ్ళిపోయిందని తెలిసి ఆశ్చర్యపోయారు. ఇంత అభిమానం ఉన్న ఊరు జట్టును ఎలా పోగొట్టుకుంది, మళ్ళీ వస్తే ఈసారైనా నిలబెట్టుకోగలదా అని అడిగారు.

కెనడాలోనూ అమెరికాలోనూ క్రీడా జట్లకు సీజన్ టికెట్లు, స్టేడియం ఆదాయం లెక్కలు చూసే పనిలో చాలా ఏళ్ళు గడిపాను. ఆ అనుభవంతో ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను.

నిలబెట్టుకోగలదు. నడిబొడ్డున మంచి స్టేడియం, అదే ఊళ్ళో ఉండే యజమాని, రెండు భాషల్లోనూ టీవీ ప్రసారం ఉంటే మాంట్రియల్ ఏడాదికి ఇరవై లక్షల టికెట్లు కొనే ఊరే. అయితే జట్టును పోషించడం వేరు, తెచ్చుకోవడం వేరు. జట్టు వచ్చాక నడపడానికి కావలసిన జనం, కంపెనీలు, ఆసక్తి ఇక్కడ ఉన్నాయి. జట్టును కొని, స్టేడియం కట్టడానికి మొదట్లోనే పెట్టాల్సిన డబ్బు మాత్రం ఇప్పుడు చాలా పెద్దది. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే "ఆ ఊళ్ళో బేస్‌బాల్ ఆడదండీ" అనే మాట ఇన్నేళ్ళుగా చలామణీ అవుతోంది.

మన వాళ్ళకు ఈ విషయం ఐపీఎల్‌తో పోలిస్తే త్వరగా అర్థమవుతుంది. 2012లో డెక్కన్ ఛార్జర్స్ రద్దయితే, కొద్ది వారాల్లోనే సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల రూపాయల చొప్పున హైదరాబాద్ జట్టు హక్కులు కొనుక్కుంది. 2013లో సన్‌రైజర్స్ మైదానంలో దిగింది. ఊరికి మధ్యలో ఒక్క సీజన్ కూడా పోలేదు. అది అంత తేలిగ్గా జరగడానికి కారణం, ఐపీఎల్‌లో సొంత మైదానంలో ఆడేది ఏడెనిమిది ఆటలే, ఆదాయంలో సింహభాగం బోర్డు పంచే టీవీ డబ్బు. బేస్‌బాల్ అలా కాదు. సొంత ఊళ్ళో ఏడాదికి 81 ఆటలు. టికెట్లు, కంపెనీల బాక్సులు, తిండి, పార్కింగ్, స్థానిక టీవీ హక్కులు అన్నీ కలిసి జట్టును నడపాలి. లీగ్ కొంత పంచుతుంది, స్థానిక ఆదాయంలో 48 శాతం ఒక కుండలో పోసి అందరికీ సమానంగా వడ్డిస్తుంది కూడా. అయినా ఊరి బలమే జట్టు బలం.

81 అంటే ఎంతో ఒకసారి లెక్క వేసి చూడండి. మాంట్రియల్ కెనడియన్స్ హాకీ జట్టు బెల్ సెంటర్‌లో 41 ఆటలు ఆడుతుంది. సుమారు 21 వేల సీట్లు ఎప్పుడూ నిండే ఉంటాయి. మొత్తం కలిపి ఎనిమిదిన్నర లక్షల టికెట్లు. ఇదే ఊళ్ళో బేస్‌బాల్ జట్టు ఆటకు 25 వేల మందిని రప్పించాలంటే ఏడాదికి ఇరవై లక్షల టికెట్లు అమ్మాలి. హాకీకి రెండింతల కంటే ఎక్కువ. పైగా ఇది వేసవిలో. క్యూబెక్‌లో వేసవి ఎంత విలువైనదో ఒక చలికాలం గడిపితే మీకే తెలుస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం దాటితే జనం షాలేలకు, అంటే ఊరి బయటి సెలవు ఇళ్ళకు, సరస్సుల దగ్గరకు వెళ్ళిపోతారు. జులై ఆఖరి రెండు వారాలు నిర్మాణ రంగానికి సెలవులు, ఆ పదిహేను రోజులూ సగం ఊరు ఖాళీ. జాజ్ ఫెస్టివల్, వీధుల్లో టెర్రస్‌లు, అన్నీ ఆ మూడు నెలల్లోనే. బేస్‌బాల్‌కి పోటీ హాకీ కాదు, ఈ వేసవి.

అయినా పోషించగలదని ఎందుకంటున్నాను? ఒకసారి పోషించింది కాబట్టి.

ఎక్స్‌పోస్ 1969లో మొదలైంది. అమెరికా బయట పుట్టిన మొదటి మేజర్ లీగ్ జట్టు అదే. ఎక్స్‌పో 67 ప్రపంచ ప్రదర్శన పేరే జట్టుకు పెట్టుకున్నారు. సీగ్రామ్ మద్యం కంపెనీని నడిపిన కుటుంబానికి చెందిన చార్లెస్ బ్రాన్ఫ్‌మన్ యజమాని. లీగ్‌లో చేరడానికి కట్టిన రుసుము కోటి డాలర్లు. మొదట జారీ పార్కులో, సుమారు 28 వేల సీట్ల చిన్న మైదానంలో ఆడారు. ఇప్పుడు అక్కడ టెన్నిస్ టోర్నమెంటు జరుగుతుంది. 1977లో ఒలింపిక్ స్టేడియానికి మారారు. 1979, 1980, 1982, 1983 ఈ నాలుగేళ్ళూ ఇరవై లక్షలు దాటింది హాజరు. మధ్యలో 1981 ఆటగాళ్ళ సమ్మెతో మూడోవంతుకు పైగా సీజన్ పోయింది కాబట్టి దాన్ని వదిలేయండి. 1982, 1983లో మాంట్రియల్‌కి వచ్చిన జనం న్యూయార్క్ యాంకీస్‌కి వచ్చిన వాళ్ళకంటే ఎక్కువ. ఈ మాట చెబితే అమెరికాలో పనిచేసే నా సహోద్యోగులు చాలామంది నమ్మరు. గ్యారీ కార్టర్, ఆండ్రే డాసన్, టిమ్ రైన్స్ అప్పుడు ఒకే జట్టులో ఆడేవాళ్ళు. జట్టు బాగుంటే, ఆటగాళ్ళు నిలకడగా ఉంటే ఈ ఊరు వస్తుంది.

1994 దీనికి ఇంకో రుజువు. ఆ ఏడాది ఆగస్టు 12న సమ్మె మొదలయ్యే నాటికి ఎక్స్‌పోస్ 74 గెలిచి 40 ఓడింది. మొత్తం లీగ్‌లో అదే మొదటి స్థానం. జీతాల బిల్లు మాత్రం లీగ్‌లో అట్టడుగు జట్ల సరసన. జనం సగటున 24 వేలు దాటి వస్తున్నారు, అదీ ఆ కాంక్రీటు స్టేడియంలోనే. సెప్టెంబరులో లీగ్ మిగతా సీజన్‌ను, ఫైనల్ లాంటి వరల్డ్ సిరీస్‌ను రద్దు చేసింది. తర్వాతి వసంతంలో యాజమాన్యం జీతాలు తగ్గించుకోవడానికి మార్కిస్ గ్రిసమ్, కెన్ హిల్, జాన్ వెట్‌లాండ్‌లను వదిలించుకుంది. లారీ వాకర్ కొలరాడోకి వెళ్ళిపోయాడు. పెడ్రో మార్టినెజ్‌ను 1997 సీజన్ తర్వాత బోస్టన్‌కి ఇచ్చేశారు.

టికెట్ల పనిలో ఉన్నవాడిగా ఈ ఘట్టం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. సీజన్ టికెట్ కొనేవాడు ఒక ఆటను కొనడు, వచ్చే ఏడాది మీద నమ్మకాన్ని కొంటాడు. నా పనిలో నేను అన్నిటికంటే జాగ్రత్తగా చూసేది రెన్యువల్ శాతం, అంటే పాతవాళ్ళలో మళ్ళీ కొనేవాళ్ళు ఎంతమంది అన్నది. జట్టు ఓడిపోయిన ఏడాది ఆ శాతం కొంచెం తగ్గుతుంది, మళ్ళీ కోలుకుంటుంది. "వీళ్ళు మంచి ఆటగాడు ఎదిగిన ప్రతిసారీ అమ్మేస్తారు" అన్న అభిప్రాయం ఒక్కసారి స్థిరపడితే మాత్రం కోలుకోదు. మొదట కంపెనీలు తప్పుకుంటాయి. ఆ తర్వాత నలుగురు కలిసి సీట్లు పంచుకునే స్నేహితుల బృందాలు విడిపోతాయి. చివరికి మిగిలేది పిల్లల్ని తీసుకొచ్చే తండ్రులు, రేడియోతో పాటు వచ్చే పెద్దవాళ్ళు. 1995 తర్వాత మాంట్రియల్‌లో జరిగింది అచ్చంగా ఇదే.

దాని మీద స్టేడియం దెబ్బ. ఒలింపిక్ స్టేడియం 1976 ఒలింపిక్స్ కోసం కట్టింది. ఆ అప్పు 2006 దాకా తీరలేదు, పొగాకు పన్ను వేసి మరీ తీర్చారు. 1991లో 55 టన్నుల కాంక్రీటు దూలం ఊడిపడితే సీజన్ చివరి ఆటలన్నీ బయటి ఊళ్ళలో ఆడాల్సి వచ్చింది. మూసే తెరిచే పైకప్పు పనిచేయక 1998లో స్థిరమైనది వేస్తే, మరుసటి జనవరిలోనే అది మంచు బరువుకి చిరిగింది. జులైలో బయట ఎండ చక్కగా కాస్తుంటే ఏ కుటుంబమైనా మూసి ఉన్న కాంక్రీటు గిన్నెలో మూడు గంటలు కూర్చోవడానికి డబ్బు కడుతుందా? పైగా అది ఊరికి తూర్పున ఉంది. మెట్రో నేరుగా వెళ్తుంది, ఆ సౌకర్యం ఒప్పుకోవాలి. కానీ డౌన్‌టౌన్ ఆఫీసు నుంచి పని ముగించుకుని నడిచి వెళ్ళేవాళ్ళే వారం మధ్యలో ఆటలకు ప్రాణం. వాళ్ళు అక్కడ లేరు.

ఇది అందరికీ తెలుసు. అందుకే 1990ల చివర్లో డౌన్‌టౌన్‌లో సుమారు 25 కోట్ల కెనడా డాలర్లతో కొత్త మైదానం కట్టాలని క్లోడ్ బ్రొషు యాజమాన్యం ప్రయత్నించింది. అప్పటి క్యూబెక్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) లూసియెన్ బూషార్ ఆస్పత్రులు మూసే పరిస్థితుల్లో స్టేడియానికి ప్రజల డబ్బు ఇవ్వలేనన్నారు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. తర్వాత వచ్చిన యజమాని జెఫ్రీ లోరియా కాలంలో, 2000 సీజన్‌లో జట్టుకు ఇంగ్లీషులో టీవీ ప్రసారమే లేదు. ఇంగ్లీషు రేడియో వ్యాఖ్యానం ఇంటర్నెట్‌లోనే వినాలి, ఆనాటి ఇంటర్నెట్‌లో! 2001లో లీగ్ యజమానులు రెండు జట్లను పూర్తిగా రద్దు చేయాలని ఓటేశారు, వాటిలో ఒకటి ఇదేనని అందరూ అనుకున్నారు. ఆ ఏడాది హాజరు సగటున ఎనిమిది వేలు కూడా లేదు.

2002లో లీగే 12 కోట్ల డాలర్లకు జట్టును కొనేసింది. అంటే పోటీ పడే మిగతా 29 జట్ల యజమానులే ఈ జట్టుకు యజమానులు. 2003లో, 2004లో ఏడాదికి 22 "సొంత" ఆటలు ప్యూర్టో రికోలోని శాన్ హువాన్‌లో ఆడించారు. 2003 ఆగస్టు చివర్లో జట్టు వైల్డ్ కార్డ్ (ప్లేఆఫ్‌లకు మిగిలిన చోటు) పోటీలో ఉండగా, సెప్టెంబరులో అన్ని జట్లూ అదనపు ఆటగాళ్ళను పిలిపించుకుంటుంటే ఖర్చు పేరుతో ఈ ఒక్క జట్టుకు కుదరదన్నారు. ఇన్ని చేసి, "చూశారా, ఈ ఊరు రాదు" అన్నారు. 2004 సెప్టెంబరు 29న మాంట్రియల్‌లో చివరి ఆటకు 31 వేల మంది వచ్చారు. మరుసటి ఏడాది ఆ జట్టు వాషింగ్టన్ నేషనల్స్ అయింది.

కాబట్టి చివరి ఏడేళ్ళ హాజరు అంకెల్ని ఊరి సామర్థ్యానికి కొలతగా తీసుకోవద్దు. అమ్మకానికి పెట్టిన దుకాణంలో సరుకు తీసేసి, లైట్లు ఆర్పేసి, గిరాకీ లేదని రాసుకున్న లెక్కలవి.

ఇంకో కోణం చూడండి. జట్టు పోగొట్టుకుని మళ్ళీ తెచ్చుకున్న ఊళ్ళు బేస్‌బాల్‌లో చాలా ఉన్నాయి. మిల్వాకీ నుంచి బ్రేవ్స్ 1965 తర్వాత వెళ్ళిపోతే 1970లో సియాటిల్ నుంచి పైలట్స్ వచ్చింది. అలా పోగొట్టుకున్న సియాటిల్‌కి 1977లో మెరైనర్స్ వచ్చింది. కాన్సస్ సిటీ 1967 తర్వాత పోగొట్టుకుని 1969లోనే రాయల్స్‌ని తెచ్చుకుంది. వాషింగ్టన్ రెండుసార్లు పోగొట్టుకుంది, రెండోసారి తర్వాత 2005 దాకా ఆగింది. ఆ ఊరు బేస్‌బాల్‌కి పనికిరాదని ఎన్నో ఏళ్ళు అన్నారు. ఊరి మధ్యలో కొత్త స్టేడియం వచ్చింది, 2019లో వరల్డ్ సిరీస్ గెలిచారు. మాంట్రియల్ మహానగరంలో 2021 జనగణన ప్రకారమే దాదాపు 43 లక్షల మంది ఉన్నారు. మిల్వాకీకి, కాన్సస్ సిటీకి అంత జనాభా లేదు, అవి జట్లను నడుపుతూనే ఉన్నాయి.

ఇప్పుడు జాగ్రత్తగా ఉండాల్సిన విషయాలు.

2014 మార్చిలో టొరంటో బ్లూ జేస్, న్యూయార్క్ మెట్స్ ఒలింపిక్ స్టేడియంలో రెండు ప్రదర్శన ఆటలు ఆడితే 96 వేల మంది వచ్చారు. తర్వాత కొన్నేళ్ళు ఇలాగే జరిగాయి. 2018లో వ్లాదిమిర్ గెరెరో జూనియర్ ఆఖరి బంతులకు హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి ఆట ముగించినప్పుడు ఆ స్టేడియం ఎలా ఊగిపోయిందో ఇప్పటికీ ఇక్కడ చెప్పుకుంటారు. ఆ అబ్బాయి ఈ ఊళ్ళోనే పుట్టాడు, తండ్రి ఎక్స్‌పోస్ తరఫున ఆడినప్పుడు వేసుకున్న 27 నంబరే వేసుకున్నాడు. నాకూ అది ఎంతో ఇష్టమైన ఘట్టం. అయినా ఆ రెండు రాత్రుల జనాన్ని చూసి 81 ఆటల లెక్క వేయకూడదు. ఏడాదికోసారి జ్ఞాపకాల కోసం వచ్చేవాళ్ళు వేరు, ఏప్రిల్‌లో చలిగా ఉన్న మంగళవారం రాత్రి చివరి స్థానంలో ఉన్న జట్టు మీద ఆట చూడటానికి వచ్చేవాళ్ళు వేరు. కొత్త జట్టు వస్తుందన్న వార్తకు డిపాజిట్ కట్టే జాబితాలు ఎప్పుడూ నిండుతాయి. అసలు బిల్లు చేతికొచ్చాక అందులో చాలామంది పూర్తి సీజన్ నుంచి ఇరవై ఆటల ప్యాకేజీకి దిగుతారు. నేను పనిచేసిన చోట్ల మొదటి ఏడాది లెక్కల్ని ఎప్పుడూ పక్కన పెట్టి, మూడో ఏడాది మంగళవారాల్నే చూసేవాళ్ళం.

డాలరు సంగతి ఇంకోటి. ఆదాయం కెనడా డాలర్లలో, ఆటగాళ్ళ జీతాలు అమెరికా డాలర్లలో. 2002 మొదట్లో కెనడా డాలరు విలువ 62 అమెరికా సెంట్లకు పడిపోయింది. ఎక్స్‌పోస్ చివరి రోజుల కష్టానికి ఇదొక పెద్ద కారణం. ఇప్పుడు అంత ఘోరంగా లేదు కానీ ప్రమాదం పోలేదు. క్యూబెక్‌లో పై శ్లాబులో పన్ను 53 శాతం దాటుతుంది కాబట్టి పెద్ద ఆటగాళ్ళు సంతకం చేయడానికి ముందు ఎక్కువ అడుగుతారు.

టీవీ విషయంలో నాకు టెన్షన్ ఎక్కువ. ప్రస్తుతం కెనడా మొత్తం టొరంటో జట్టు బ్లూ జేస్ ప్రసార పరిధి, దాని యజమాని రోజర్స్ అనే టెలికాం కంపెనీ, ఆటలు చూపించే స్పోర్ట్స్‌నెట్ ఛానెల్ కూడా వాళ్ళదే. 2025లో బ్లూ జేస్ వరల్డ్ సిరీస్ ఏడో ఆట దాకా వెళ్ళాక క్యూబెక్‌లో పిల్లలు కూడా నీలం చొక్కాలే వేసుకుంటున్నారు. కొత్త జట్టు వస్తే రోజర్స్ ఊరికే వదలదు. ఎక్స్‌పోస్ వాషింగ్టన్‌కి మారినప్పుడు పక్కనున్న బాల్టిమోర్ జట్టు యజమానిని శాంతింపజేయడానికి టీవీ ఛానెల్‌లో పెద్ద వాటా ఇచ్చారు, ఆ తగవు పదేళ్ళకు పైగా నలిగింది. మాంట్రియల్‌కి మంచి విషయం ఫ్రెంచి ప్రసారం. అది వేరే మార్కెట్టు, టొరంటోకి దానిమీద పెద్ద పట్టు లేదు.

ఇక ఇప్పుడున్న జనం. 1983 నాటి మాంట్రియల్ వేరు. ఇప్పుడు ఉత్తర ఆఫ్రికా, హైతీ, లాటిన్ అమెరికా, దక్షిణాసియా నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఎక్కువ. వీళ్ళు బేస్‌బాల్ చూస్తారా అని సమావేశాల్లో తరచూ అడుగుతారు. టొరంటోని చూడమంటాను. ఆ ఊరి పక్కనున్న బ్రాంప్టన్, మిస్సిసాగాల నుంచి మన తెలుగు కుటుంబాలే పిల్లలతో కలిసి బ్లూ జేస్ మైదానమైన రోజర్స్ సెంటర్‌కి వెళ్తున్నాయి. ఆట నియమాలు రాకపోయినా వెళ్తారు, రెండో ఏడాదికి పిల్లలే వివరించి చెబుతారు. టికెట్ ధర అందుబాటులో ఉంచి, ట్రెయిన్ దిగి నడిచేంత దూరంలో మైదానం ఉంటే వచ్చే జనం వీళ్ళే.

మరి ఎందుకు రావడం లేదంటే, ధర. 2013 డిసెంబరులో వచ్చిన ఒక అధ్యయనం జట్టుకు, స్టేడియానికి కలిపి వంద కోట్ల డాలర్లు పైన అవుతుందని లెక్కగట్టింది. 2021కల్లా లీగ్ కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ కొత్త జట్టు రుసుము గురించి 220 కోట్ల అమెరికా డాలర్ల మాట ఎత్తారు. స్టేడియం ఖర్చు దానికి అదనం. అథ్లెటిక్స్ జట్టు కోసం లాస్ వెగాస్‌లో నెవాడా రాష్ట్రం 38 కోట్ల డాలర్ల దాకా ప్రజల సొమ్ము ఇవ్వడానికి ఒప్పుకుంది. క్యూబెక్‌లో అలాంటిది జరగదు. ఒలింపిక్ స్టేడియం కొత్త పైకప్పుకి 87 కోట్ల కెనడా డాలర్లు పెడుతున్నారని 2024లో చెప్పినప్పుడు ఎంత గొడవైందో చూశాం. ఆ పని 2028 దాకా సాగుతుంది కాబట్టి తాత్కాలికంగా ఆడుకోవడానికి కూడా ప్రస్తుతం చోటు లేదు.

చార్లెస్ బ్రాన్ఫ్‌మన్ కొడుకు స్టీఫెన్ బ్రాన్ఫ్‌మన్ దీనికి మధ్యేమార్గం వెతికారు. ఫ్లోరిడా జట్టు టాంపా బే రేస్ సగం సీజన్ అక్కడే, వేడెక్కాక సగం మాంట్రియల్‌లో, లషీన్ కాలువ దగ్గర పీల్ బేసిన్‌లో పైకప్పు లేని చిన్న స్టేడియం. నలభై ఆటలే కాబట్టి చలి బాధ లేదు, టికెట్లు అమ్మడం తేలిక. లెక్కల ప్రకారం నాకు అది బాగా నచ్చింది. అభిమానుల మనసు ప్రకారం నచ్చలేదు, సగం జట్టుకు ఎవరూ పూర్తి ప్రేమ ఇవ్వరు. 2019లో మాట్లాడుకోవడానికి అనుమతిచ్చిన లీగ్ 2022 జనవరిలో కుదరదని తేల్చేసింది. 2025లో రేస్ దాదాపు 170 కోట్ల డాలర్లకు చేతులు మారింది, కొత్త యజమానులు టాంపా ప్రాంతంలోనే ఉంటామంటున్నారు. ఆ దారి మూసుకుపోయినట్టే.

మిగిలింది విస్తరణ, అంటే లీగ్ కొత్త జట్లను చేర్చుకోవడం. మాన్‌ఫ్రెడ్ 2029 జనవరిలో దిగిపోయేలోపు రెండు కొత్త ఊళ్ళను ఎంపిక చేయాలనుకుంటున్నారు. నాష్‌విల్, సాల్ట్ లేక్ సిటీ, పోర్ట్‌లాండ్, నార్త్ కరొలైనా పేర్లు వినిపిస్తున్నాయి. వాటిలో కొన్నిటికి స్థలాలు, బృందాలు సిద్ధంగా ఉన్నాయి. మాంట్రియల్‌కి ఇవాళ జనం ఉన్నారు, ముందుకొచ్చి చెక్కు రాసే బృందం లేదు. ఈ విడతలో రాదనే నా అంచనా.

రేపు ఏదైనా ప్రకటన వస్తే మూడు విషయాలు చూడండి. స్థలం కొన్నారా, లేక బొమ్మలే చూపిస్తున్నారా. ఎక్కువ వాటా ఉన్న యజమాని ఇల్లు ఎక్కడుంది. రోజర్స్‌తో మాట్లాడారా. మూడింటికీ సరైన జవాబులుంటే నేను కూడా డిపాజిట్ కడతాను. అంతవరకు ఆట చూడాలనిపిస్తే క్యూబెక్ సిటీలో కాపిటాల్, త్రువా రివియేర్‌లో ఏగ్ల్ ఫ్రాంటియర్ లీగ్‌లో ఆడుతున్నాయి. బస్సులో వెళ్ళి చూసి రావచ్చు.